గులాబీల వీధిలో ఒక వారం

న్యూజెర్సీలో మా పక్కింట్లో ఉండే స్నేహితురాలు యూదురాలు. తమ ప్రార్థనాలయానికి చెందిన మహిళా బృందం బెర్లిన్ వెళ్తోందనీ, యుద్ధకాలంలో నాజీ ప్రభుత్వానికి ఎదురు నిలిచిన స్త్రీలకు నివాళి అర్పించడానికే ఆ ప్రయాణమనీ చెప్పి నన్నూ రమ్మంది. పద్నాలుగు మందిలో యూదురాలిని కానిది నేనొక్కదాన్నే కావడంతో మొదట సంకోచించాను. మేము తలచుకోబోతున్న స్త్రీలలో ఎక్కువ మంది కూడా యూదులు కారని తెలిశాక ఆ సంకోచం పోయింది.

ఫిబ్రవరి 27 ఉదయం అలెగ్జాండర్‌ప్లాట్జ్ నుంచి నడుచుకుంటూ రోజెన్‌స్ట్రాసెకు చేరుకున్నాం. గులాబీల వీధి అని ఆ పేరుకు అర్థం. 1943లో అదే తేదీన నాజీల రహస్య పోలీసులైన గెస్టపో, వారి సాయుధ దళమైన ఎస్.ఎస్. మనుషులు బెర్లిన్ కర్మాగారాలలో వెట్టిచాకిరీ చేస్తున్న యూదులను పని చేస్తున్నచోటి నుంచే లారీలెక్కించి తీసుకుపోయారు. వారిలో యూదేతర స్త్రీలను పెళ్ళాడినవారినీ, అలాంటి దంపతుల పిల్లలనూ వేరుచేసి, సుమారు 2,000 మందిని ఈ వీధిలో 2-4 నంబరు భవనంలో నిర్బంధించారు. అంతకుముందు అది యూదు సమాజపు సంక్షేమ కార్యాలయం.

ఆ రాత్రి భర్తలు ఇంటికి రాలేదు. ఎవరి ద్వారానో కబురు తెలుసుకున్న భార్యలు ఒక్కొక్కరే ఈ వీధికి వచ్చారు. ఎవరూ పిలుపు ఇవ్వలేదు, సంఘం లేదు, నాయకురాలు లేదు. రొట్టెల పొట్లం ఇచ్చి వెళ్తామనో, ఇంటి తాళంచెవి ఆయన దగ్గరే ఉండిపోయిందనో చెప్పి కాపలావాళ్ళను బతిమాలుకున్నారు. ఒక భార్య తన భర్త లోపల ఉన్నాడో లేదో తేల్చుకోవడానికి, బంగాళదుంపల రేషన్ కూపన్లు ఆయన దగ్గర ఉన్నాయి, తెచ్చిపెట్టమని అడిగిందట. వచ్చిన కూపన్ల వెనుక తాను బాగానే ఉన్నానని భర్త రాసిన చిన్న మాట కనిపించిందని మా గైడు చెప్పినప్పుడు బృందంలో ఎవరూ కాసేపు మాట్లాడలేదు. మన ఇళ్ళలో కూడా రేషన్ కార్డు ఎంత జాగ్రత్తగా దాచుకునే వస్తువో తెలిసిన దాన్ని కనుక, ఆ కాగితం ముక్క నా కళ్ళ ముందే ఉన్నట్టు అనిపించింది.

రోజురోజుకూ జనం పెరిగారు. "మా మగవాళ్ళను మాకు తిరిగి ఇవ్వండి" అన్న కేక మొదలైంది. కాల్చేస్తామని బెదిరించినప్పుడు పక్క సందుల్లోకి తప్పుకున్నారు, మళ్ళీ వచ్చి నిలబడ్డారు. మార్చి 1 రాత్రి బ్రిటిష్ విమానాలు నగరం మీద బాంబులు కురిపించాయి. అయినా వారు రావడం మానలేదు. మార్చి 6 నుంచి ఖైదీలను విడుదల చేయసాగారు. అప్పటికే ఆష్‌విట్జ్ అనే నాజీ మృత్యుశిబిరానికి పంపేసిన 25 మందిని సైతం వెనక్కి రప్పించారు. ఆ మగవాళ్ళను పంపేయాలని గెస్టపో అసలు అనుకోనేలేదనీ, విడుదలకు నిరసన కారణం కాదనీ వాదించే చరిత్రకారులు ఉన్నారు. నా మట్టుకు, ఆ వాదన ఆ స్త్రీల ధైర్యాన్ని ఇసుమంతైనా తగ్గించదు. లోపలివాళ్ళను ఏం చేయబోతున్నారో తెలియకుండానే కదా వారు తుపాకుల ఎదుట నిలబడింది! పైగా ఆ తెగువ ఆ ఒక్క వారానిది కాదు. విడాకులు తీసుకొమ్మని అధికారులు, కొన్నిచోట్ల కన్నవాళ్ళు కూడా పదేళ్ళుగా ఒత్తిడి చేస్తున్నా వారు ఒప్పుకోలేదు. విడాకులిస్తే, యూదేతర భార్య ఉన్నందువల్ల భర్తకు దొరికిన ఆ కాస్త రక్షణ కూడా పోతుందని వారికి తెలుసు.

ఆ భవనం ఇప్పుడు లేదు. పక్కనున్న చిన్న పార్కులో, శిల్పి ఇంగేబోర్గ్ హున్‌సింగర్ చెక్కిన ఎర్రటి రాతి దిమ్మెలను 1995లో నిలిపారు. ఒకరినొకరు పట్టుకుని రాతిలోంచి తోసుకొస్తున్నట్టున్న ఆడవాళ్ళు వాటి మీద కనిపిస్తారు. కొంచెం ఎడంగా బెంచీ మీద ముఖం తిప్పుకుని కూర్చున్న మగమనిషి శిల్పం ఉంది. చూసీ చూడనట్టు ఉండిపోయిన నగరమంతా ఆ ఒక్క మెడ వంపులో ఉందని నాకు తోచింది. మా బృందంలో అందరికంటే పెద్దావిడకు ఎనభై దాటాయి, మోకాళ్ళ నొప్పులు. ఆ బెంచీ మీద కాసేపు కూర్చోమన్నాను. తల అడ్డంగా ఊపి, నా భుజం పట్టుకుని నిలబడే ఉన్నారు.

కారణం మర్నాడు గ్రూనెవాల్డ్ స్టేషనులో తెలిసింది. అక్కడి 17వ ప్లాట్‌ఫారం అంచుల వెంబడి 186 ఇనుప పలకలు పరిచారు. బెర్లిన్ నుంచి యూదులను తీసుకెళ్ళిన ఒక్కొక్క రవాణాకూ ఒక్కొక్క పలక: తేదీ, మనుషుల సంఖ్య, చేరవలసిన ఊరు. పట్టాల మధ్య చెట్లు పెరిగాయి. 1943 మార్చి 1, 2, 3, 4 తేదీల పలకలు వరుసగా ఉన్నాయి, అన్నీ ఆష్‌విట్జ్‌కే. రోజెన్‌స్ట్రాసెలో భార్యలు నిలబడి ఉన్న ఆ రోజుల్లోనే, అదే దాడిలో పట్టుబడిన వేలమందిని అక్కడికి పంపేశారు. వాళ్ళ భార్యలూ యూదులే, వాళ్ళూ లోపలే. తలుపు బయట నిలబడి అడగడానికి ఎవరూ మిగలలేదు.

పెద్దావిడ మార్చి 3 పలక దగ్గర ఆగి, తన అమ్మమ్మ చెల్లెలూ ఆమె భర్తా ఇందులోనే వెళ్ళారని చెప్పారు. మళ్ళీ నా భుజం పట్టుకుని నెమ్మదిగా వంగి, జేబులోంచి తీసిన గులకరాయిని, మృతులను తలచుకునే యూదుల ఆచారం ప్రకారం, ఆ అంకెల మీద పెట్టారు. పక్క ప్లాట్‌ఫారానికి లోకల్ రైలు వచ్చి ఆగింది, కొందరు దిగి వెళ్ళిపోయారు. రైలు చప్పుడు పూర్తిగా సద్దుమణిగేదాకా ఆగి, వాళ్ళు పదముగ్గురూ, చనిపోయినవారి కోసం యూదులు చెప్పే కద్దిష్ ప్రార్థన మొదలుపెట్టారు.