బడి మూసిన నెలల్లో బడి చేసిన పని

కరోనా వల్ల 2020 మార్చి 19న ఆంధ్రప్రదేశ్‌లో బడులన్నీ మూతపడినప్పుడు, నెల తిరిగేలోగా తెరుస్తారనే అందరం అనుకున్నాము. తొమ్మిది, పది తరగతులకు నవంబరు 2న తెరిచారు. ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలు 2021 ఫిబ్రవరి 1 దాకా బడి ముఖం చూడలేదు. రెండో విడత విజృంభణతో ఆ ఏప్రిల్‌లోనే మళ్ళీ మూసి, ఆగస్టు 16న తెరిచారు. ఆ కాలమంతా నేను శ్రీకాకుళం జిల్లాలో, సముద్రపు ఒడ్డునున్న ఒక మత్స్యకార గ్రామంలోని ఉన్నత పాఠశాలలో పనిచేశాను. కరోనా కాలపు చదువుల గురించి ఆన్‌లైన్ పాఠాల కోణం నుంచి చాలామంది రాశారు. పాఠాలు ఆగిపోయాక కూడా బడికి మిగిలిన పని ఒకటి ఉందని, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదని నాకు అనిపిస్తుంది. ఏ ఇంట్లో ఎవరున్నారు, ఎవరు లేరు, ఎవరు ఎవరి దగ్గర ఉంటున్నారు అన్నది తెలిసి ఉండడమే ఆ పని. ప్రభుత్వం పంపినది చాలానే ఉంది, ఊరు కూడబెట్టినదీ ఉంది. అది ఇల్లు చేరిందా లేదా అన్నది చాలాసార్లు ఈ ఎరుక మీదనే ఆధారపడింది.

మా ఊరి సంగతి కొంచెం చెప్పాలి. జిల్లా తీరంలోని ఎన్నో గ్రామాల మాదిరిగానే ఇక్కడి మగవాళ్ళలో ఎక్కువమంది వేసవి చేపల వేట నిషేధం ముగిశాక గుజరాత్‌లోని వేరావల్‌కు వెళ్ళి, అక్కడి సేట్ల బోట్ల మీద కళాసీలుగా పనిచేసి, మళ్ళీ వేసవికి ఇల్లు చేరుతారు. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇంటి బాధ్యతంతా తల్లుల మీదనే ఉంటుంది. తెల్లవారుజామున ఒడ్డుకు వచ్చిన చేపను వేలంలో కొని, గంపకెత్తి, ఆటోలో పక్క ఊళ్ళకు తీసుకెళ్ళి అమ్ముకుంటే ఆ పూట గడుస్తుంది. లాక్‌డౌన్ రాగానే అటు వేరావల్‌లో బోట్లు ఆగాయి, ఇటు ఆటోలు ఆగాయి. చేపల వేటను ఆంక్షల నుంచి మినహాయిస్తూ కేంద్రం ఏప్రిల్ 10న ఉత్తర్వు ఇచ్చింది. ఐదు రోజుల్లో, అంటే ఏప్రిల్ 15న, ఏటా వచ్చే వేట నిషేధం మొదలైంది. ఆ ఐదు రోజుల మినహాయింపును తలుచుకుని మా ఊళ్ళో ఇప్పటికీ నవ్వుకుంటారు.

మొదట వచ్చినది రేషన్. మార్చి 29 నుంచి ఉచితంగా బియ్యం, కార్డుకు కిలో కందిపప్పు ఇచ్చారు. ఏప్రిల్ 4న బియ్యం కార్డున్న కుటుంబాలకు వెయ్యి రూపాయల చొప్పున గ్రామ వాలంటీర్లు ఇంటికి తెచ్చి ఇచ్చారు. సుమారు యాభై ఇళ్ళకు ఒక వాలంటీరు ఉండడం వల్ల ఆ పంపిణీ చురుగ్గానే సాగింది, అందులో నాకు సందేహం లేదు. అయితే వాలంటీరు చేతిలోని జాబితా కార్డుల జాబితా. భర్త వేరావల్‌లో ఉండగా అత్తతో పడక ఇద్దరు పిల్లలతో పుట్టింటికి వచ్చేసిన మనిషి పేరు అత్తవారింటి కార్డులో ఉంటుంది. కొత్తగా పెళ్ళై వేరు కాపురం పెట్టిన వాళ్ళకు కార్డే ఉండదు. ఇటువంటి ఇళ్ళు ఊరిలో ఎన్ని ఉన్నాయో గ్రామ సచివాలయానికి తెలియదు, మాకు తెలుసు. పిల్ల రోజూ ఏ వీధి నుంచి నడిచి వస్తుందో, హాజరు పట్టీలో తండ్రి పేరున్నా సంతకానికి అమ్మమ్మ ఎందుకు వస్తుందో క్లాసు టీచరుకు తెలియకుండా ఉండదు.

మా ప్రధానోపాధ్యాయురాలు ఏప్రిల్ మొదట్లోనే ఒక పాత లాంగ్‌బుక్ తెప్పించి, తరగతి వారీగా కాకుండా వీధి వారీగా పిల్లల పేర్లు రాయించారు. ప్రతి పేరు ఎదురుగా, ప్రస్తుతం ఎవరి ఇంట్లో ఉంటున్నది, తండ్రి ఎక్కడ ఉన్నది, ఇంట్లో ఫోన్ ఉన్నదీ లేనిదీ, టీవీ పనిచేస్తున్నదీ లేనిదీ, మందులు వాడే ముసలివాళ్ళు ఉన్నదీ లేనిదీ రాశాము. ప్రాథమిక పాఠశాల మా ప్రహరీలోనే ఉంది గనుక ఆ పిల్లలనూ కలిపాము. దానికి ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు, పై అధికారులు అడగనూ లేదు. రెండు వారాల తరువాత వాలంటీర్లే వచ్చి ఆ పుస్తకం ఫోటో తీసుకోవడం మొదలుపెట్టారు.

ఆ పుస్తకం బాగా ఉపయోగపడినది గోరుముద్ద సరుకుల దగ్గర. బడిలో పెట్టే మధ్యాహ్న భోజనాన్ని 2020 జనవరి నుంచి గోరుముద్ద అనే పేరున కొత్త మెనూతో, వారానికి ఐదు గుడ్లు, మూడు రోజులు వేరుశనగ చిక్కీతో మొదలుపెట్టారు. పిల్లలు దానికి అలవాటు పడేలోపే బడి మూసేశారు. మూసిన రోజులకు కూడా వండిన అన్నమో, దానికి బదులు సరుకులో ఇవ్వాలని కేంద్రం మార్చిలోనే రాష్ట్రాలకు చెప్పింది. సుప్రీంకోర్టు కూడా ఆ నెలలో తనంతట తానే ఈ విషయాన్ని విచారణకు తీసుకుంది. మన రాష్ట్రంలో బియ్యం, గుడ్లు, చిక్కీలు విడతలు విడతలుగా ఇళ్ళకు పంపారు. మా బడి వరండాలో గుడ్ల అట్టలు పేర్చి, ఎండ తగలకుండా తడిపిన గోనెపట్టాలు అడ్డం కట్టి, వీధికి ఒక గంట చొప్పున తల్లులను రమ్మన్నాము. ఒక ముసలావిడ సంచి పట్టుకుని నిలబడి, "ఏటి మాస్టారూ, బడి లేకపోయినా బడి బియ్యం ఇస్తారేటి?" అని అడిగింది. మనవరాలు బడికి రాకపోయినా ఆ బియ్యం మనవరాలివేనని చెప్పినా ఆమె నమ్మలేదు. తరువాత ఎప్పుడో డబ్బు అడుగుతారేమోనని ఆమె భయం.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. బడిలో పెట్టిన గుడ్డు ఆ పిల్లదే. ఇంటికి వెళ్ళిన గుడ్డు ఇంటిల్లిపాదిదీ. ఒక ఇంటి ముందు ఉడికించిన గుడ్లను తల్లి దారంతో రెండేసి ముక్కలుగా కోసి, ఇంట్లో ఉన్న ఏడుగురికీ పంచడం నేను చూశాను. దాన్ని తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. అయితే కాగితాల మీద "పిల్లకు ఇన్ని గుడ్లు అందాయి" అని రాసుకున్న లెక్కకూ, పిల్ల కడుపులోకి పోయినదానికీ మధ్య ఉన్న తేడా బడిలో వండిపెట్టే భోజనం విలువ ఏమిటో చెబుతుంది. సరుకులు పంచడం దానికి సాటి కాదు. బడి వరండాలోనే తక్కువమందిని కూర్చోబెట్టి, రెండు మూడు విడతలుగా వండి పెట్టే ఏర్పాటు జూన్ తరువాతైనా చేసి ఉండవలసిందని నేను ఇప్పటికీ అనుకుంటాను.

ఏప్రిల్ చివరి వారంలో ఊరంతా వేరావల్ కబురు కోసమే ఎదురుచూసింది. అక్కడ చిక్కుకున్న ఉత్తరాంధ్ర మత్స్యకారులు నాలుగు వేలకు పైగా ఉన్నారు. హార్బరులో బోట్ల మీదనే వంట, బోట్ల మీదనే పడక. రెండు ప్రభుత్వాలూ మాట్లాడుకున్న తరువాత బస్సులు కట్టించి వాళ్ళను మే మొదటికి జిల్లాలకు చేర్చారు, మనిషికి రెండు వేల రూపాయలు ఇచ్చారు. వేట నిషేధ కాలపు భృతి పదివేలు మే 6న పడింది. వచ్చినవాళ్ళను ఉంచడానికి మా బడిని క్వారంటైన్ కేంద్రం చేస్తామనగానే ఊరు అడ్డం తిరిగింది. జబ్బును తెచ్చి పిల్లలు చదివే చోట పెడతారా అని పెద్దలు గేటు ముందు కూర్చున్నారు. వస్తున్నది ఊరివాళ్ళే కదా అన్న సంగతి కూడా కాసేపు ఎవరికీ గుర్తున్నట్టు లేదు, భయం అటువంటిది. చివరికి ఆ పంచాయితీని తేల్చినది ఆడవాళ్ళు. ఊరికి ఇరవై కిలోమీటర్ల దూరాన ఎక్కడో కాలేజీలో పెడితే మేము చూడను కూడా చూడలేము, ఇక్కడైతే గోడ అవతల నుంచైనా మాట వినబడుతుందని వాళ్ళు పట్టుబట్టారు.

అప్పుడు వంట మళ్ళీ మొదలైంది. బడిలో వంట చేసే ఆయమ్మలు ముగ్గురు. నెలకు మూడు వేల గౌరవ వేతనం మీద బతికేవాళ్ళు, బడి మూతపడిన తరువాత అది ఎప్పుడు వస్తుందో తెలియక ఉన్నారు. అదే గిన్నెలు, అదే పొయ్యి, తినేవాళ్ళు మాత్రం ఆ పిల్లల తండ్రులు. ప్రభుత్వం క్వారంటైన్ భోజనానికి డబ్బు ఇచ్చింది, కాకపోతే బిల్లులు వచ్చేలోగా కూరగాయలకూ నూనెకూ గంగమ్మ పండుగ కోసం బోటుకు ఇంత అని వసూలు చేసి పెట్టిన నిధిలో నుంచి ఊరు అప్పు పెట్టింది. ఆ ఏడు పండుగ లేదు కదా అని కొందరు, అమ్మవారి సొమ్ము ముట్టుకోకూడదని కొందరు వాదించుకున్నారు. ఆ అప్పు పూర్తిగా తీరినట్టు నాకు జ్ఞాపకం లేదు. క్వారంటైన్‌లో ఉన్నవాళ్ళలో ఇద్దరు ముగ్గురు ఊరకే కూర్చోలేక విరిగిన బెంచీలు బాగుచేశారు. వలలు అల్లే చేతులు గనుక కిటికీలకు దోమల వలలు కూడా కుట్టి బిగించారు. అవి ఇప్పటికీ ఉన్నాయి.

టీవీ పాఠాల గురించి తక్కువ చెబితే చాలు. దూరదర్శన్ సప్తగిరిలో వేసవిలో పదో తరగతికి విద్యామృతం, జూన్ నుంచి మిగతా తరగతులకు విద్యావారధి ప్రసారమయ్యాయి. పాఠాలు తీసికట్టు కావు. మా ఊరి ఇళ్ళలో టీవీ ఉన్నా ఆ వేళకు దాని ముందు పిల్లను కూర్చోబెట్టే మనిషి లేకపోవడమే చిక్కు. వాట్సాప్ గ్రూపుల్లో వర్క్‌షీట్లు పంపమన్నారు. ఇంటికి ఉన్న ఒకే ఒక్క స్మార్ట్‌ఫోన్ తండ్రి జేబులో వేరావల్‌లో ఉంటుంది. ఆగస్టులో మళ్ళీ బోట్లు ఎక్కినప్పుడు అది మళ్ళీ వెళ్ళిపోయింది. ఒక ఏడో తరగతి అమ్మాయి లెక్కల వర్క్‌షీటు తండ్రికి చేరితే, ఆయన బోటు మీద తోటి కళాసీ చేత చదివించుకుని, రాత్రి తల్లి దగ్గరున్న బటన్ ఫోనుకు కాల్ చేసి లెక్కలు ఒక్కొక్కటే చెప్పి రాయించాడు. వినడానికి ముచ్చటగా ఉంటుంది గానీ అట్లా ఎన్నాళ్ళు సాగుతుంది? మేము కాగితాలు జిరాక్సు తీయించి వీధుల్లో పంచడమే నయమని తేలింది. అక్టోబరు 8న విద్యాకానుక కిట్లు, సంచులు, బూట్లు, నోటుపుస్తకాలు వచ్చినప్పుడు వాటితో పాటే ఒక కట్ట వర్క్‌షీట్లు ఇచ్చి పంపాము.

బడి అంటే ప్రభుత్వ బడి ఒక్కటే కాదు. మండల కేంద్రంలోని ప్రైవేటు బడి బస్సు మా ఊరికి వచ్చేది. అందులో పాఠాలు చెప్పే మా ఊరి ఆడపిల్లలిద్దరికి మార్చి తరువాత జీతం లేదు. ఒకరు ఉపాధి హామీ పనికి వెళ్ళారు, ఒకరు ఇంటి అరుగు మీద కూరగాయలు పెట్టుకున్నారు. తెలంగాణలో 2021 ఏప్రిల్ నుంచి ప్రైవేటు ఉపాధ్యాయులకు నెలకు రెండు వేల రూపాయలు, పాతిక కిలోల సన్నబియ్యం ఇచ్చారు. అది ఏడాది ఆలస్యంగా వచ్చినా అసలంటూ వచ్చింది. మన దగ్గర ఫీజులు 30 శాతం తగ్గించాలన్న ఉత్తర్వు వచ్చింది, తల్లిదండ్రులకు అది ఊరటే. ఆ తగ్గిన ఫీజులో పంతులమ్మ జీతం ఎక్కడ ఉన్నదో ఎవరూ అడగలేదు. ఈ ఇద్దరి పేర్లూ మా లాంగ్‌బుక్‌లో లేవు. మేము రాసుకున్నది పిల్లల ఇళ్ళు మాత్రమే.

రెండో విడత మా ఊరిని గట్టిగా తాకింది. తల్లీ తండ్రీ ఇద్దరూ పోయిన పిల్లల పేరున పది లక్షల రూపాయలు డిపాజిట్ చేసి, వడ్డీ మీద వాళ్ళను పెంచే ఏర్పాటును రాష్ట్ర ప్రభుత్వం 2021 మేలో ప్రకటించింది. కేంద్రం కూడా అదే నెలాఖరున పీఎం కేర్స్ కింద అటువంటి పథకమే తెచ్చింది. మా దగ్గర ఎక్కువగా జరిగినది వేరు: తండ్రి పోయాడు, తల్లి ఉంది. ఆ పిల్లలు ఈ పథకాల్లోకి రారు. మరణ ధ్రువపత్రంలో జబ్బు పేరు సరిగా పడక పరిహారానికి తిరిగిన తల్లులకు స్టడీ సర్టిఫికెట్లు, దరఖాస్తులు రాసిపెట్టడం మేము చేయగలిగినది. అంతకు మించి చేసినది ఊరే. బోటు యజమానులు పోయినవాడి వాటాను ఆ ఏడాది వేటకు కూడా ఇంటికి పంపారు. అందరు యజమానులూ కాదు, మా ఊరివాళ్ళే అయినవాళ్ళు.

తిండి విషయంలో ఆ రెండేళ్ళూ బడీ ఊరూ కలిసి చాలావరకు నెగ్గుకొచ్చాయి. నెగ్గలేనిది పెద్ద మగపిల్లల విషయంలో. 2020లో పదో తరగతి పరీక్షలు రద్దు చేసి అందరినీ పాస్ చేశారు. ఇంటర్‌లో చేరవలసిన నెలల్లో కాలేజీలు మూసి ఉన్నాయి, వేరావల్ బోట్లకు మాత్రం కళాసీలు కావలసి వచ్చారు. ఆగస్టులో తండ్రుల వెంట బస్సెక్కిన వాళ్ళలో మా పదో తరగతి పిల్లలు కూడా ఉన్నారు. వాళ్ళ తల్లులను అడిగితే, "ఇంట్లో కూకుని ఏటి సేస్తాడు బాబూ, నాలుగు డబ్బులొస్తాయి" అన్నారు. నా దగ్గర దానికి జవాబు లేదు. ఇంటర్ ప్రవేశాలు జరిగే దాకా ఆ పిల్లలకు ఒక హాస్టల్ గదీ, నెలకు ఇంత అని కొంత డబ్బూ ఇచ్చి ఉంటే కొందరైనా ఆగేవారు. మూడు వందల గుడ్ల అట్టలను లెక్క తప్పకుండా ఊరూరా చేర్చిన యంత్రాంగానికి అది అసాధ్యమేమీ కాదు. పదో తరగతి పాసైన పిల్లవాడి పేరు మా పుస్తకంలో నుంచి తొలగిపోతుంది, కాలేజీలో చేరేదాకా ఇంకొకరి పుస్తకంలోకి ఎక్కదు. ఆ రెండింటి మధ్య ఆ ఏడాది నాలుగైదు నెలలు పట్టింది. వెళ్ళిన పిల్లల్లో తిరిగి చదువులో చేరినవాడు నాకు తెలిసినంతలో ఒక్కడే, అదీ ఓపెన్ స్కూల్‌లో.