ఏడు మంటలు, ఆరు సీసాలు

2020 మే. లాక్‌డౌన్‌లో హైదరాబాద్ రూము ఖాళీ చేసి నల్లగొండలో ఇంటికొచ్చేశాను. పొద్దంతా ఆఫీసు కాల్స్, రాత్రయితే వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్ అనే ఆన్‌లైన్ కంప్యూటర్ ఆట. 2004లో వచ్చిన ఆటను దాదాపు పాత రూపంలోనే 2019 ఆగస్టులో మళ్ళీ వదిలారు. నన్ను అందులోకి దింపింది మా బావ. అక్కావాళ్ళది మహబూబ్‌నగర్. "నలభై మంది కలిసి ఒక్కణ్ణి కొట్టుడు బామ్మర్దీ, మన పెండ్లి పంచాయితీ లెక్కనే ఉంటది" అన్నాడు. కొట్టడం కంటే పంచాయితీయే ఎక్కువని మాత్రం చెప్పలేదు.

మా గిల్డు, అంటే కలిసి ఆడే జట్టు, యూరప్ సర్వర్‌లో ఉండేది. అక్కడ రాత్రి ఎనిమిదంటే వేసవిలో మనకు పదకొండున్నర. నేను ప్రీస్ట్, అంటే దెబ్బలు తిన్నవాళ్ళను బతికించే హీలర్‌ని. బావ మేజ్, అంటే మంత్రగాడు. మేజ్ పని మంచుగడ్డలు విసరడం ఒక్కటే కాదు, అందరికీ తాగడానికి నీళ్ళు పుట్టించి పంచడం కూడా. మానా, అంటే మంత్రాలు వేసే శక్తి, అయిపోయినవాళ్ళు కూర్చుని ఆ నీళ్ళు తాగితే తొందరగా లేచి మళ్ళీ మంత్రం వేయగలరు. "పాలమూరోణ్ణి తీస్కపోయి నీళ్ళ డ్యూటీల పెట్టిండ్రు సూడు" అని బావ తనమీద తనే జోకు వేసుకునేవాడు.

ఆ శనివారం మా రెయిడ్, అంటే గుంపుగా చేసే దాడి, మోల్టెన్ కోర్ మీద. లావా పారే గుహ, 10 మంది బాస్‌లు, చివరివాడు రాగ్నరోస్. వాడు ఊరికే బయటికి రాడు. ముందున్న ఎనిమిది మంది బాస్‌లలో ఏడుగురి దగ్గర నేలమీద ఒక్కో మంట గుర్తు వెలుగుతుంటుంది. బాస్ చచ్చాక దానిమీద అక్వల్ క్వింటెసెన్స్ అనే నీళ్ళు పోసి ఆర్పాలి. ఏడూ ఆరితేనే తొమ్మిదోవాడు మేజర్‌డోమో వస్తాడు, వాడు లొంగితేనే రాగ్నరోస్. ఆ నీళ్ళ సీసా ఒక్కరి దగ్గర ఒక్కటే ఉంటుంది, ఒక్కసారికే పనికొస్తుంది. దొరికేది ఇంకో ఖండంలో. అజ్షారా తీరానికి అవతల ఓ చిన్న దీవిలో డ్యూక్ హైడ్రాక్సిస్ అని ఒకడు నిలబడి ఉంటాడు, వాడి దగ్గరికి పోయి అడిగి తెచ్చుకోవాలి. అందుకే మా లీడర్ మంగళవారమే ఏడుగురి పేర్లు షీట్‌లో పెట్టి, తెచ్చుకున్నాక టిక్కు పెట్టండి అన్నాడు.

పదకొండున్నరకు 40 మంది ఉండాలి. 33 మందే వచ్చారు. మిగతావాళ్ళను వెతికి పట్టుకునేసరికి పన్నెండయింది. మొదటి ముగ్గురు బాస్‌లు తేలిగ్గానే పోయారు. మూడోవాడి దగ్గర దొరికిన గ్లవ్స్ కోసం ఇద్దరు పది నిమిషాలు కొట్టుకున్నారు. నాలుగో బాస్ గార్ దగ్గర ఉండగా మా ఊళ్ళో గాలిదుమారం లేచి కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద ఫ్యాను తిరుగుతోంది గానీ రౌటర్ ఆ లైనులో లేదు. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని మళ్ళీ లోపలికొచ్చేసరికి గార్ చచ్చి పడున్నాడు, నేను కూడా.

అసలు గోల బారన్ గెడాన్ దగ్గర మొదలైంది. వీడు ఎవరో ఒకరి ఒంట్లో బాంబు పెడతాడు. ఎనిమిది సెకన్లలో పేలుతుంది. బాంబు ఉన్నవాడు గుంపు వదిలి దూరంగా గోడవైపు పరుగెత్తాలి, అంతే. చిన్నపిల్లలకు చెప్పినా చేస్తారు. మావాళ్ళలో రోగ్ (కత్తులతో కొట్టే పాత్ర) ఆడే కుర్రాడొకడున్నాడు, బాంబు పడగానే వాడికి ఎవరైనా బతికిస్తారనిపించిందేమో, నేరుగా మా హీలర్ల మధ్యకు వచ్చి నిలబడ్డాడు. ఆరుగురం గాల్లోకి లేచాం. హీలర్లు పోయాక ఇక మిగిలేదెవరు? అందరం దెయ్యాలమై శ్మశానం నుంచి గుహ దాకా పరుగెత్తుకొచ్చాం. రెండోసారి కూడా అదే కుర్రాడు, అదే చోటు.

అప్పుడు నాకు తిక్క రేగింది. గెడాన్ మానా ఉన్నవాళ్ళకు ఇంకో మంట కూడా అంటిస్తాడు, అది మానాను కాల్చేస్తుంటుంది. దాన్ని ఒక్కొక్కరి మీద నుంచి తీసేయడం ప్రీస్ట్‌ల పని. 200 మిల్లీసెకన్లు దాటిన పింగ్‌తో (నెట్ ఆలస్యంతో) నేను అది చేసుకుంటూ చస్తుంటే, ఎడమేదో కుడేదో తెలియనివాళ్ళతో ఆడలేనని అందరికీ కనపడేలా చాట్‌లో పెట్టాను. బావ వెంటనే ఫోన్లో, "ఊకో బామ్మర్దీ, పోరడు కొత్తోడు" అన్నాడు. (గిల్డుతో ఇంగ్లీషులో డిస్కార్డ్, మా ఇద్దరికీ పక్కన ఫోన్ కాల్ నడుస్తుండేది. తిట్టుకోవడానికి తెలుగు కావాలి కదా.) నేను ఊకోలేదు. ఇంకో రెండు ముక్కలు కలిపాను. మూడోసారి గెడాన్ చచ్చాడు.

దాదాపు రెండింటికి ఎనిమిదో బాస్ గోలెమాగ్ పడ్డాడు. ఆరు మంటలు అప్పటికే ఆర్పేశారు, ఇది ఏడోది. అందరం దానిచుట్టూ నిలబడ్డాం. ఎవరూ కదలడం లేదు. "ఏడో సీసా ఎవరిది?" అని లీడర్ అడిగాడు. మైకులో చప్పుడు లేదు. ఇంకోసారి అడిగాడు. ఎవడో గానీ వీడు అనుకుంటూ, ఊరికే నా సంచి తెరిచి చూశాను.

ఫోన్లో బావ. "ఏడోది ఎవనిదిరా?"

"బావా... నాదే."

"షీట్ల టిక్కు పెట్టినవ్ గద?"

"పెట్టిన."

"మరి?"

"పొద్దుగాల పోయి తెద్దామనుకున్న. మర్చిపోయిన."

బావ కాసేపు ఏమీ అనలేదు. వెనక అక్క గొంతు, "ఇంకా పండుకోలేదా మీరిద్దరు?" అని వినపడింది. తర్వాత బావ నవ్వాపుకోలేక దగ్గాడు. "నల్లగొండోడివైయుండి నీళ్ళు మరిస్తివి గదరా!"

నిజమే. ఫ్లోరైడ్ నీళ్ళను పటిక, సున్నంతో శుభ్రం చేసే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అని మా ఊరి పేరే పెట్టారు. నీళ్ళ ట్యాంకర్ వస్తుందంటే ముందురోజు రాత్రే డ్రమ్ములు కడిగి వరసలో పెట్టుకున్న ఇల్లు మాది. నేను మాత్రం టిక్కు పెట్టి పడుకున్నాను.

లీడర్‌కి చెప్పడం గెడాన్ బాంబు కంటే కష్టమైంది. నెట్ పోయింది, కరెంటు పోయింది అని ఏదో ఒకటి చెప్పేయొచ్చు. చాట్‌లో పైకెళితే నేను రాసిన ముక్కలు ఇంకా అట్లానే ఉన్నాయి. మర్చిపోయాను, నాదే తప్పు, తెస్తాను అని టైపు చేశాను. వాడు తిట్టలేదు. ఒక్క నిట్టూర్పు విడిచి, అరగంట బ్రేక్ అన్నాడు. తిట్టినా బాగుండేది.

బావ దార్నాసస్ అనే నగరానికి పోర్టల్ (మంత్రద్వారం) వేశాడు. అక్కణ్ణుంచి ఎగిరే హిప్పోగ్రిఫ్ మీద అజ్షారా, అక్కణ్ణుంచి గుర్రమ్మీద ఆ ఎర్రనేలంతా దాటి సముద్రం. ప్రీస్ట్‌లకు నీళ్ళమీద నడిచే మంత్రం ఒకటుంది, దానికి ఈకలు కావాలి. సంచిలో ఈకలూ లేవు. ఈదుకుంటూ పోయాను. ఆ పదినిమిషాలు సముద్రంలో నేనొక్కణ్ణి, అటువైపు నాకోసం కూర్చున్న 39 మంది. మధ్యలో ఇద్దరు నిద్రొస్తోందని వెళ్ళిపోయారని బావ ఫోన్లో చెప్తూనే ఉన్నాడు. కామెంటరీ అడగలేదు నేను.

సీసా తీసుకున్నాక తిరుగు దారి తేలిక. వార్‌లాక్ అనే ఇంకో రకం మంత్రగాడొకడు నన్ను గుహ బయటికి పిలిపించాలి, దానికి తోడుగా ఇంకో ఇద్దరు నొక్కాలి. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా వార్‌లాక్, బావ, మూడోవాడు ఆ రోగ్ కుర్రాడు. వాడు చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను. ఆ చాట్ ముక్కలకు సారీ చెప్పాలని టైపు చేసి, ఎట్లా చెప్పాలో తెలియక చెరిపేసి, మళ్ళీ టైపు చేసి పంపాను. "నో ప్రాబ్లం, ఇంకా నీళ్ళున్నాయా?" అన్నాడు వెధవ.

మేజర్‌డోమో మొదటిసారికే లొంగాడు. రాగ్నరోస్‌ని పిలిచింది వాడే, అయినా తొందరపడి లేపావని రాగ్నరోస్ ముందు వాడినే కాల్చేస్తాడు. రాగ్నరోస్ దగ్గర మొదట వైపయ్యాం, అంటే అందరం చచ్చాం. మూడు నిమిషాలకు వాడు లావాలో మునిగి ఎనిమిది మంది మంట పిల్లల్ని పంపిస్తాడు, అవి దగ్గరికొస్తే మానా కాలిపోతుంది. నాది మొత్తం పోయింది. రెండోసారి మేం 34 మందిమే మిగిలాం. బావ నీళ్ళు పంచుతూ, "ఈసారి టిక్కు పెట్టకు, తాగు" అన్నాడు. మంట పిల్లలు రాగానే వెనక గోడకు అతుక్కుని నిలబడి ముందుండి దెబ్బలు కాచే ట్యాంక్ ఒక్కణ్ణే చూస్తూ ఉన్నాను. నాలుగింటికి రాగ్నరోస్ కూలాడు. దొరికిన వస్తువుల్లో ప్రీస్ట్‌కి పనికొచ్చేది ఒక్కటీ లేదు.

హెడ్‌ఫోన్స్ తీసేసరికి వరండాలో బిందెల చప్పుడు. అమ్మ తలుపు తోసి చూసింది. లేచి ఉండటం చూసి మురిసిపోయినట్టుంది.

"లేచినవా బిడ్డా? మంచిగైంది. నల్లా ఒచ్చింది, మోటరెయ్యి పో."