స్వామికి నలతగా ఉన్న పదిహేను రోజులు

జ్యేష్ఠ పూర్ణిమ నాడు పూరీలో జగన్నాథ, బలభద్ర, సుభద్రలకూ సుదర్శనుడికీ 108 కడవల నీళ్ళతో స్నానం చేయిస్తారు. అందులో జగన్నాథుడి వంతు 35 కడవలు. అన్ని చన్నీళ్ళు పోసుకున్నాక స్వామికి జ్వరం వస్తుంది. ఇక పదిహేను రోజులు దర్శనం ఉండదు. అదే అణసర. ఒడిశాలో మా పర్లాకిమిడి వైపు తెలుగు ఇళ్ళల్లో చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు, దేవుడికి ఒంట్లో బాగాలేదని.

లోకాలను నడిపేవాడికి జ్వరమేమిటని కొందరికి అనిపించవచ్చు. నాకు మాత్రం ఆ రోజుల సేవలు తలుచుకుంటే కళ్ళు చెమరుస్తాయి. గుడి సేవకులైన దైతాపతులు ఇంట్లో మనిషిని చూసుకున్నట్టే స్వామిని చూసుకుంటారు. ఛప్పన్న భోగాలు, అంటే యాభై ఆరు రకాల నైవేద్యాలు ఆగిపోతాయి, పళ్ళూ పానకాలూ నివేదిస్తారు. దశమూలాలతో చేసిన మందు ఇస్తారు. ఒంటికి ఫులురి తైలం పూస్తారు. నువ్వుల నూనెలో సువాసన పూలు, మూలికలు వేసి, కుండలో పోసి ఏడాదిపాటు భూమిలో పాతిపెట్టి తీసిన తైలం అది. అంటే ఈ ఏటి జ్వరానికి మందు నిరుడే తయారవుతుందన్నమాట! స్వామి అలిసిపోతాడని ముందే తెలుసు, అందుకు ఏర్పాటూ ముందే ఉంది. ఇదంతా అయ్యాకే, కోలుకున్న స్వామి మళ్ళీ కనిపించే నవయౌవన దర్శనం, ఆ తర్వాతే రథయాత్ర.

మరి మన ఇళ్ళల్లో? మా పిన్ని ఏకాదశి నాడు పొద్దుటి నుంచి మంచినీళ్ళు కూడా ముట్టకుండా, సాయంత్రం అందరికీ గారెలు వేస్తూ ఒక చేత్తో పొయ్యిగట్టు పట్టుకుని నిలబడింది. "కాసేపు నడుం వాల్చు పిన్నీ" అంటే, "దీపం పెట్టాక చూద్దాంలే" అంది. ఓపిక లేదంటే భక్తి లేదనుకుంటారని ఆవిడ టెన్షన్.

గీత ఆరో అధ్యాయంలో ధ్యానం గురించి చెబుతూ కృష్ణుడు తిండి దగ్గరికీ నిద్ర దగ్గరికీ వస్తాడు.

యుక్తాహారవిహారస్య యుక్తచేష్టస్య కర్మసు ।
యుక్తస్వప్నావబోధస్య యోగో భవతి దుఃఖహా ॥

తిండి, తిరుగుడు, పని, నిద్ర, మెలకువ అన్నీ మితంగా ఉన్నవాడికే యోగం దుఃఖాన్ని పోగొడుతుంది. దీనికి ముందు శ్లోకం ఇంకా సూటిగా ఉంటుంది. అతిగా తినేవాడికే కాదు, అసలు తిననివాడికీ యోగం కుదరదు. అతిగా నిద్రపోయేవాడికే కాదు, నిద్ర మానుకున్నవాడికీ కుదరదు. యుద్ధానికి నిలబడ్డ అర్జునుడికే ఈ మాట చెప్పాల్సి వస్తే, తెల్లారగట్ల లేచి వంట చేసి, డ్యూటీకి వెళ్ళొచ్చి, రాత్రి పదకొండు దాకా ఫోన్ చూసే మనకి చెప్పనక్కర్లేదా?

ఈ అణసరలో స్వామితో పాటు మనమూ కాస్త విశ్రాంతి తీసుకుందాం. రాత్రి భోజనం అయ్యాక ఫోన్ పక్కన పెట్టేయండి. మధ్యాహ్నం ఇంట్లో పెద్దవాళ్ళని పడుకోనివ్వండి, ఆ వేళ గిన్నెల పని పిల్లలు చూసుకోవచ్చు. ఉపవాసం ఉండేవాళ్ళు పళ్ళు, మజ్జిగ తీసుకోండి. షుగర్, బీపీ మందులు వాడేవాళ్ళయితే ముందు డాక్టర్ని అడగండి. రథం నాడు ఎండలో తాడు పట్టి లాగాలంటే ఒంట్లో సత్తువ ఉండొద్దూ?