గుర్రం, ఒప్పంద పత్రం, ఏనుగు: ఒక పిల్లల నవల సంగతి

విక్టోరియా రాణి కాలపు ఇంగ్లండులోని ఒక సర్కసు నేపథ్యంగా, పది నుంచి పద్నాలుగేళ్ళ వయసు పిల్లల కోసం ఒక చారిత్రక సాహస నవల రాయడానికి పూనుకున్నాను. ఈ మాట చెప్పగానే విన్నవారిలో చాలామంది ఒకే కథ ఊహించుకుంటున్నారు. ఇంట్లో బాధలు పడలేని కుర్రాడు అర్ధరాత్రి పారిపోయి సర్కసులో చేరతాడు; అక్కడ మంచి మనసున్న బఫూను, రాక్షసుడిలాంటి యజమాని, బుద్ధిమంతురాలైన ఏనుగు తారసపడతారు; ఆఖరి ప్రదర్శనలో కుర్రాడు ట్రపీజు అనే వేలాడే కర్ర మీద ఊగి ఊరందరినీ ముక్కున వేలేసుకునేలా చేస్తాడు. చదవడానికి హాయిగానే ఉంటుంది కానీ, ఆ కాలపు సర్కసు గురించి ఆ కథ చెప్పేది చాలా తక్కువ. అప్పట్లో సర్కసులో కనిపించే పిల్లల్లో చాలామంది అక్కడికి పారిపోయి వచ్చినవారు కారు. కొందరు ఆ బళ్ళలోనే పుట్టి పెరిగినవారు, మరికొందరు కన్నవారు కాగితం మీద సంతకం పెట్టి అప్పగించినవారు. నా నవలలోని సాహసమంతా ఆ సంతకం నుంచే పుట్టాలని నా పట్టుదల.

ముందుగా తేల్చుకోవలసింది సంవత్సరం. విక్టోరియా 1837 నుంచి 1901 దాకా రాజ్యం చేసింది. ఈ నేపథ్యంతో వచ్చే పిల్లల పుస్తకాల్లో ఆ అరవై పైచిలుకు ఏళ్ళనూ ఒకే పొగమంచులో ముంచి, ఒక గుర్రబ్బండి, ఒక పొడవాటి టోపీ చూపించి సరిపెట్టేయడం నాకు నచ్చదు. 1839లో ఐజాక్ వాన్ ఆంబర్గ్ అనే అమెరికన్ జంతు శిక్షకుడు సింహాల బోనులోకి దిగితే, ఆ విడ్డూరం చూడటానికి యువరాణి పోకడలు ఇంకా పోని విక్టోరియా డ్రూరీ లేన్ నాటకశాలకు పలుమార్లు వెళ్ళింది. ఎగిరే ట్రపీజు అప్పటికి పుట్టనే లేదు. జూల్ లియోతార్ అనే ఫ్రెంచి యువకుడు 1859 నవంబరు 12న పారిస్‌లో దానిని మొదటిసారి ప్రదర్శించి, 1861లో లండన్ వచ్చి అల్‌హాంబ్రా నాటకశాలలో చూపించాడు. మనిషిని ఫిరంగిలో పెట్టి పేల్చే ఆట 1877లో గాని మొదలు కాలేదు. కాబట్టి 1850లో జరిగే కథలో పిల్లవాడు ట్రపీజు మీంచి ట్రపీజుకు ఎగిరితే, రచయిత పుస్తకం తెరవకుండా రాశాడని అర్థం. నేను 1871, 72 సంవత్సరాలను ఎంచుకున్నాను. ట్రపీజు అప్పటికి వచ్చేసింది, పిల్లలను కాపాడే చట్టం మాత్రం ఇంకా రాలేదు, పైగా ఆ రెండేళ్ళలో నిజంగా జరిగిన రెండు సంఘటనలు నా కథకు కావాలి.

నా కథలోని పిల్లకు పన్నెండేళ్ళు. ఆమె పని ట్రపీజు కాదు, గుర్రం. ఇది కావాలని చేసిన నిర్ణయం. ఆధునిక సర్కసు పుట్టిందే గుర్రం మీద. 1768లో లండన్‌లోని లాంబెత్‌లో ఫిలిప్ ఆస్ట్లీ అనే మాజీ సైనికుడు గుర్రపు స్వారీ విన్యాసాలు చూపడంతో ఈ వృత్తి మొదలైంది. గుండ్రంగా తిరిగే గుర్రం మీద నిలబడటమే సులువని, ఆ వేగానికి గుర్రమూ మనిషీ కొంచెం లోపలికి ఒరుగుతారు కాబట్టి పట్టు దొరుకుతుందని ఆ రోజుల స్వారీగాళ్ళు అనుభవంతో గ్రహించారు. చివరికి 42 అడుగుల వ్యాసం, అంటే సుమారు 13 మీటర్లు, రింగుకు స్థిరపడి ఇప్పటికీ అదే కొనసాగుతోంది. ఈ కొలత ఒక్కటే కావడం వల్ల కలిగిన మేలు పైకి కనబడదు గాని చాలా పెద్దది. ఒక సర్కసులో మరిగిన గుర్రం మరో సర్కసులో, మరో ఊళ్ళో, డేరాలోనైనా కట్టడంలోనైనా అదే వలయంలో అదే అడుగు వేస్తుంది. నవలలో ఒక కీలకమైన సన్నివేశం దీని మీదే ఆధారపడి ఉంది: యజమాని గుర్రాన్ని వేరే సర్కసుకు అమ్మేశాక, ఆ పిల్ల అక్కడికి వెళ్ళి, ఎవరూ చూడని వేళ దాని మీద ఎక్కి నిలబడగలుగుతుంది. చోటు కొత్తదైనా వలయం పాతదే గదా.

ఆమె నేర్చుకునే తీరును పిల్లలకు దగ్గరగా చూపించాలని ఒక అధ్యాయం మొత్తం దానికే కేటాయించాను. గుర్రం ఎడమ చేతి వైపుగా తిరుగుతూ ఉంటుంది. వీపు మీద కాలు జారకుండా పైన్ చెట్ల జిగురును పొడి చేసి చల్లుతారు. తెల్లగుర్రాల మీద ఆ పొడి కనబడదు కాబట్టి వాటికి గిరాకీ ఎక్కువ. కొత్తగా నేర్చుకునేవారి నడుముకు పటకా బిగించి, పైనుంచి వేలాడే తాడుకు తగిలిస్తారు, ఆ తాడు కొస ఒక మనిషి చేతిలో ఉంటుంది. జారిన క్షణాన వాడు తాడు లాగితే పిల్ల గాలిలో వేలాడుతుంది, లాగడం ఆలస్యమైతే రంపపు పొట్టులో బోర్లా పడుతుంది. తాడు పట్టుకున్న మనిషికి ఆ పూట నిద్ర చాలిందా, తాగి ఉన్నాడా, ఎవరి మీదైనా కోపంగా ఉన్నాడా అన్న సంగతులు ఆ పిల్లకు అక్షరాల కంటే ముందే చదవడం వస్తుంది. సర్కసు పిల్లల తెలివితేటలంటే నా దృష్టిలో ఇవే. గూఢలిపిలో రాసిన నిధి పటాలు విప్పే తెలివి వాళ్ళకు అంటగట్టడం నాకు అసహజంగా తోస్తుంది.

ఇక ఒప్పంద పత్రం. ఆనాటి చాలా వృత్తుల్లోలాగే సర్కసులోనూ శిష్యరికం ఉండేది. తల్లో తండ్రో బిడ్డను కొన్నేళ్ళ పాటు, తరచుగా ఏడేళ్ళ పాటు, గురువుకు అప్పగిస్తారు. తిండి, బట్ట, బస, విద్య గురువు చూసుకోవాలి. ఆ గడువు తీరేదాకా పిల్లల సంపాదన గురువుకే చెందుతుంది. మధ్యలో పారిపోయిన శిష్యుణ్ణి యజమాని మేజిస్ట్రేటు ముందు నిలబెట్టే వీలు కూడా చట్టంలో ఉండేది. నాకు ప్రతినాయకుడు దొరికింది ఇక్కడే. చేతిలో కొరడా, మీసం కింద వికృతమైన నవ్వు ఉన్న యజమాని అక్కర్లేదు. పిల్లకు ఎనిమిదేళ్ళప్పుడు తల్లి సంతకం పెట్టిన కాగితం ఒకటి బండిలోని ఇనప్పెట్టెలో భద్రంగా ఉంటే చాలు. నా కథలోని యజమాని చెడ్డవాడు కాడు. వాన పడే రోజుల్లో టిక్కెట్లు అమ్ముడుపోక గుర్రాల దాణాకు అప్పు చేసే మనిషి. ఆ పిల్లను వదులుకుంటే అతని ప్రదర్శనలో సగం పోతుంది. అలాంటివాడి మీద పిల్ల పాఠకులకు ఒక పేజీలో జాలి, మరో పేజీలో మంట కలగాలన్నదే నా ఆశ.

అయితే అదే కాగితం కొందరిని పైకి కూడా తెచ్చింది. నోరిచ్ పట్టణంలో నల్లజాతి కుటుంబంలో పుట్టిన విలియం డార్బీ చిన్నతనంలోనే విలియం బ్యాటీ సర్కసులో శిష్యుడిగా చేరి, పాబ్లో ఫాంక్ అనే పేరుతో గొప్ప స్వారీగాడై, 1841లో సొంత సర్కసు పెట్టాడు. ఉత్తర ఇంగ్లండు పట్టణాల్లో ఆయన పేరు చెబితే జనం కదిలి వచ్చేవారు. 1848లో లీడ్స్‌లో ప్రదర్శన జరుగుతుండగా చెక్కతో కట్టిన ప్రేక్షకుల వరుసలు కూలిపోయి ఆయన భార్య మరణించింది. 1871లో స్టాక్‌పోర్ట్‌లో ఆయన చనిపోయినప్పుడు, దేహాన్ని లీడ్స్ తీసుకువెళ్ళి ఆమె పక్కనే సమాధి చేశారు. శవయాత్రలో బ్యాండు మేళం నడిచింది, వాలెట్ అనే ఆయనకిష్టమైన గుర్రం కూడా నడిచింది. నా నవల ఆ శవయాత్రతో మొదలవుతుంది. దారి పక్కన నిలబడి చూస్తున్న పిల్లకు ముందు కనబడేది ఎవరూ ఎక్కని గుర్రం. దాని అడుగు చూసి, ఇది రింగు గుర్రమని ఆమె ఇట్టే గుర్తుపడుతుంది. ఆ శవపేటికలో ఉన్న మనిషి కూడా ఒకప్పుడు తనలాంటి శిష్యుడేనని ఎవరో చెప్పగా వినడం ఆమె మనసులో ఒక విత్తనం వేస్తుంది. విక్టోరియా కాలపు ఇంగ్లండును తెల్లవారు మాత్రమే తిరిగే దేశంగా చూపించే పుస్తకాలకు ఈ ఒక్క జీవితమే తగిన సమాధానం.

రెండో సంఘటన ఏనుగుది. 1872 ఏప్రిల్‌లో ఎడింబరోలో వోంబ్‌వెల్ జంతు ప్రదర్శనశాల ఒకటి వేలానికి వచ్చింది. మహారాజా అనే ఆసియా ఏనుగును మాంచెస్టర్‌లోని బెల్ వ్యూ జంతు ఉద్యానంవారు 680 పౌండ్లకు కొన్నారు. రైలు పెట్టెలోకి ఎక్కిస్తే మహారాజావారు ఆ పెట్టెను ముక్కలు చేసి బయటికి వచ్చేశారు. చివరికి దాని సంరక్షకుడు లోరెంజో లారెన్స్ దానిని నడిపించుకుంటూ, రెండువందల మైళ్ళకు పైగా దూరాన్ని పది రోజుల్లో దాటించి మాంచెస్టర్ చేర్చాడు. అది బెల్ వ్యూకు గొప్ప ప్రచారం తెచ్చిపెట్టింది. రైలు పెట్టె బద్దలు కావడంలో కొంత నాటకం కూడా ఉందేమోనని నాకు అనుమానం. దారిలో సుంకం గేటు దగ్గర జరిగిన తగవు మీద తరువాత ఒక చిత్రకారుడు బొమ్మ కూడా గీశాడు. ఆ ఏనుగు అస్థిపంజరం ఇప్పటికీ మాంచెస్టర్ మ్యూజియంలో నిలబడి ఉంది. పిల్లల సాహస నవలకు ఇంతకంటే ఏం కావాలి? ఒప్పందం తెంచుకుని పారిపోయిన పిల్ల, ఏనుగు వెనకాల పేడ ఎత్తే కుర్రవాడి వేషంలో ఆ పది రోజులూ నడుస్తుంది. ఊరూరా జనమంతా ఏనుగునే చూస్తుంటే, దాని పక్కన నడిచే పిల్లను ఎవరు పట్టించుకుంటారు? దాక్కోవడానికి ఇంత పెద్ద చోటు మరొకటి దొరకదు.

ఈ జంతువుల సంగతి రాసేటప్పుడు ఒక జాగ్రత్త పాటిస్తున్నాను. సర్కసువారు తమ గురించి చెప్పుకున్న కథల్లో ఎంత నిజమో తేల్చడం కష్టం. ఆస్ట్లీ స్థాపించిన ప్రదర్శనశాలను 1871లో కొని, తన పేరు ముందు ప్రభువు బిరుదు తానే తగిలించుకున్న జార్జ్ శాంగర్ 1910లో తన జీవితకథ అచ్చువేయించాడు. మహా రంజుగా ఉంటుంది, కానీ అందులో మాటకు మాట నమ్మలేము. లండన్ రేవుల దగ్గర అడవి జంతువులు అమ్మే చార్లెస్ జమ్రాక్ కొట్టు నుంచి 1857లో ఒక పులి వీధిలోకి వచ్చి, ముట్టుకోబోయిన పిల్లవాణ్ణి నోట కరుచుకుపోతే, జమ్రాక్ వెంటపడి విడిపించిన మాట నిజమే. కానీ ఆ తరువాతి సంగతుల వివరాలు ఎక్కువగా ఆయన చెప్పుకున్నవే. కాబట్టి నవలలో పాత్రలు ఇలాంటి కథలు ఒకరికొకరు చెప్పుకుంటాయి, కథకుడు మాత్రం వాటికి పూచీ పడడు.

చట్టం విషయానికి వస్తే, 1877లో వెస్ట్‌మిన్‌స్టర్‌లోని రాయల్ అక్వేరియంలో జజెల్ అనే పేరుతో ఒక టీనేజి అమ్మాయిని ఫిరంగిలోంచి విసిరారు. విసిరింది స్ప్రింగు, మందు పేలింది చప్పుడు కోసం మాత్రమే. అయినా అలాంటి ఆటల మీద గగ్గోలు రేగింది. 1879లో పార్లమెంటు చేసిన చట్టం, పద్నాలుగేళ్ళ లోపు పిల్లల ప్రాణానికో అవయవాలకో ముప్పు తెచ్చే బహిరంగ ప్రదర్శనలను నిషేధించి, అతిక్రమించినవారికి పది పౌండ్ల దాకా జరిమానా పెట్టింది. గమనించవలసింది బహిరంగ ప్రదర్శన అన్న మాట. జనం ముందు పడితే నేరం, తలుపులు మూసి నేర్పేటప్పుడు పడితే ఈ చట్టానికి పట్టదు. ఎముకలు ఎక్కువగా విరిగేది నేర్చుకునే రోజుల్లోనే అని ఆ తాడు పట్టుకునే మనిషికి తెలిసినంత పార్లమెంటుకు తెలియలేదు. నా కథ అంతకు ఏడేళ్ళ ముందే ముగుస్తుంది కాబట్టి, చట్టం వచ్చి ఆమెను రక్షించే అవకాశం లేదు. నిజానికి నాకు అదే కావాలి.

బాధను ఎంతవరకు చూపించాలన్నది ఈ వయసు పాఠకుల విషయంలో తప్పనిసరిగా ఎదురయ్యే ప్రశ్న. నా పద్ధతి ఏమిటంటే, దెబ్బ పడటాన్ని ఒక వాక్యంలో చెప్పి, మరునాడు ఆ దెబ్బతోనే చేయవలసిన పనిని ఒక పేజీ రాయడం. తెల్లవారుజామున బండ్లు పదిహేను మైళ్ళు నడిచి ఊరి పొలిమేరలో ఆగుతాయి. పిల్లలను నిద్రలేపి, దుమ్ము కొట్టుకున్న కాళ్ళ మీదికే తళుకుల గౌను తొడిగి, ఊరేగింపుకు గుర్రం ఎక్కిస్తారు. వాచిన చీలమండకు గుడ్డ చుట్టి, ఆ గుడ్డ కనబడకుండా మేజోడు లాక్కున్నాక ఆ పిల్ల చేయవలసింది ఊరి జనానికి చేయి ఊపడమే. రాత్రి ఆటలో నాఫ్తా దీపాల బుసబుసల మధ్య ఆమె కాలు ఎక్కడ నొప్పి పెడుతుందో చదివే పిల్లలకు తెలుసు, డేరాలోని ప్రేక్షకులకు తెలియదు. ఉత్కంఠ అంతా అక్కడే ఉంది, కత్తులూ హత్యలూ లేకుండానే.

మిత్రులు కొందరు చివర్లో ఆమెకు స్వేచ్ఛ ఇప్పించమని, బడికి పంపమని సలహా ఇచ్చారు. అది మన కాలపు తీర్పు, ఆమెది కాదు. ఆమెకు ఆ పని వచ్చు, ఇష్టం కూడా. నచ్చనిది కాగితం. అందుకని మాంచెస్టర్‌లో ఏనుగును అప్పగించాక ఆమె తన సర్కసును వెతుక్కుంటూ తిరిగి వస్తుంది. ఆమె లేక నెల రోజులుగా సగం ఖాళీ డేరాకు ఆట ఆడుతున్న యజమానితో, మిగిలిన మూడేళ్ళ గడువుకూ వారం వారం జీతం ఇస్తానని అదే కాగితం వెనక రాయమంటుంది. ఆమె రెండు షిల్లింగులు అడుగుతుంది, అతను ఒకటి అంటాడు. ఒకటిన్నరకు బేరం కుదర్చాలని నేను అనుకుంటున్నాను గాని, ఆ అధ్యాయం రాస్తున్నకొద్దీ ఆ పిల్ల రెండు దగ్గరే భీష్మించుకుని కూర్చుంటోంది.