ఎక్కడి నుంచి వచ్చారని అడిగితే

మా అమ్మ నేను ప్రార్థన చేస్తున్నాననుకుంది. జ్వరం మొదలై ఐదో రోజు. నల్లగొండలో మా పుట్టింటి ముందు గదిలో, నవారు మంచం మీద కళ్లు మూసుకొని ఒకే మాట పదే పదే అంటున్నానట. "మాజీ, మాజీ." అన్యభాషల్లో, అంటే ఆత్మ ఆవేశంలో ఎవరికీ తెలియని మాటల్లో, ప్రార్థిస్తున్నాననుకొని అమ్మ కూడా పక్కన కూర్చొని చేతులు జోడించింది. బయట ఆడుకుంటున్న నా కొడుకు లోపలికొచ్చి ఆ మాట విని, వంటింట్లోకి ఉరికి చెంబుతో నీళ్లు తెచ్చాడు. "అమ్మమ్మా, అమ్మ నీళ్లు అడుగుతుంది" అన్నాడు. స్వాహిలీలో మాజీ అంటే నీళ్లు.

నీళ్లు తాగించాక వాడు మా తమ్ముడి వైపు తిరిగి అడిగాడు. "మామా, అమ్మ వేలు గుచ్చి చూసిన్రా?"

వాడికి 12 ఏళ్లు. అందులో సగం టాంజానియాలో గడిచాయి. విక్టోరియా సరస్సు దగ్గర, మ్వాంజా పట్టణానికి దక్షిణంగా ఒక పల్లెలో మా ఆయన సంఘ కాపరి, అంటే చర్చి పాస్టరు. నేను ఆడవాళ్ల కూడికలు, చిన్న పిల్లల బడి చూసుకుంటాను. అక్కడ ఎవరికి ఒళ్లు వెచ్చబడినా మొదటి పని వేలు గుచ్చి రక్తపు చుక్క మలేరియా పరీక్ష కార్డు మీద వేయడం. మిగతా ఆలోచనలన్నీ ఆ తర్వాతే. నాకు రెండుసార్లు, వాడికి మూడుసార్లు మలేరియా వచ్చింది. డిస్పెన్సరీలో 24 మాత్రలు ఇస్తారు. పూటకు నాలుగు చొప్పున మూడు రోజులు, పాలతోనో నూనె ఉన్న తిండితోనో వేసుకోవాలి. వేసుకునేవాళ్లం, లేచేవాళ్లం.

మొదట్లో ఆ ఊళ్లో నాకు చాలా భయమేసింది. తర్వాత ఒక్కో మాటా నన్ను దగ్గరికి తీసుకుంది. మందును వాళ్లు దావా అంటారు, మనం దవాఖాన అంటాం. అంగడి వాళ్లకు దుకా, మనకు దుకాణం. ఉగాలీ అంటే మన మక్క గటకే. సరస్సులో దొరికే దాగా అనే సన్న చేపలను ఎండబెట్టి కూర వండితే అమ్మ చేసే ఎండు చేపల కూర వాసనే వస్తుంది. ఒకసారి అరూషాలో పాస్టర్ల సభకు వెళ్లినప్పుడు మా ఆయన తనది నల్లగొండ అని చెబితే, ఒక పెద్దాయన ఆశ్చర్యపోయి "నల్లగొండా? నీళ్ల నల్లగొండేనా?" అన్నాడట. ఆ ప్రాంతం నీళ్లలోనూ ఫ్లోరైడ్ ఎక్కువే. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి మన దగ్గర పుట్టిన పేరే అక్కడా ఉంది, నల్లగొండ టెక్నిక్ అని. మా అమ్మ పుట్టిల్లు మర్రిగూడ వైపు. ఆ నీళ్లకే ఆమె మోకాళ్లు వంగిపోయాయి. ఈ సంగతి ఫోన్లో చెబితే అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "గా దేశపోళ్లకు గూడ ఇదే గోసనా బిడ్డా" అంది. మేము ఆ దేశం వెళ్లడం అమ్మకు నిజంగా అర్థమైంది ఆ రోజేనని నాకనిపిస్తుంది.

ఆ జులైలో పిల్లల బడి సెలవులకు నేను, బాబు, పాప నల్లగొండ వచ్చాం. టాంజానియాలో మా చర్చి పైకప్పు పని జరుగుతుండడంతో మా ఆయన ఆగిపోయారు. వచ్చిన తొమ్మిదో రోజు చలితో జ్వరం. ఆ ముందు రోజే వానలో తడిశాను, అందుకేననుకున్నాను. రెండో రోజు నడుము, తల పగిలిపోతుంటే తమ్ముడు ఒక క్లినిక్‌కు తీసుకెళ్లాడు.

"ఎక్కడుంటరమ్మా?" అని డాక్టరు అడిగాడు.

"ఇక్కడే సార్, పానగల్ రోడ్డు" అన్నాను.

ఆ మాట ఎందుకన్నానో చెప్పకుండా ఈ అనుభవం రాస్తే అబద్ధమవుతుంది. అంతకు రెండేళ్ల ముందు సెలవుకు వచ్చినప్పుడు పంటి నొప్పికి ఒకచోటికి వెళ్లాం. మాటల్లో ఆఫ్రికా నుంచి వచ్చామని చెప్పగానే, పక్క కుర్చీలో ఉన్నామె పాపను ఒళ్లోకి లాక్కొని లేచి దూరంగా వెళ్లింది. లోపల నర్సు రెండు జతల గ్లౌజులు వేసుకుంది. నా పిల్లలు అదంతా చూశారు. మళ్లీ వాళ్ల ముందు అలాంటిది జరగకూడదనుకున్నాను. కానీ ఆ వారం ముందటి ఆదివారమే సంఘంలో నిలబడి, అక్కడి ఆడవాళ్లు కట్టుకునే కిటెంగే బట్ట కప్పుకొని, టాంజానియా గురించి అరగంట సాక్ష్యం చెప్పాను. స్వాహిలీ పాట పాడాను. వేదిక మీద గర్వంగా చెప్పిన దేశం పేరును దవాఖానలో నోట్లోనే మింగేశాను.

ఆ డాక్టరుకు తెలిసిన నల్లగొండలో జులై జ్వరమంటే డెంగీ, టైఫాయిడ్. డెంగీ పరీక్షలో ఏమీ రాలేదు. టైఫాయిడ్ పరీక్ష అనుమానంగా వచ్చింది. ఇంజెక్షన్లు, సెలైన్లు మొదలయ్యాయి. ప్లేట్‌లెట్లు 62,000కి పడ్డాయి. డెంగీలోనూ పడతాయి కాబట్టి మళ్లీ అటే వెతికారు. మలేరియాలోనూ పడతాయి. నాలుగో రోజు మూత్రం చాయ్ డికాషన్ రంగులో వచ్చింది, కళ్లు పచ్చబడ్డాయి. అమ్మ పసరు మందు పోయిద్దామంది. ఐదో రోజు నాకు గుర్తు లేదు. "మాజీ" అన్న మాట కూడా వాళ్లు చెబితేనే తెలిసింది.

కొడుకు అడిగిన ప్రశ్నకు తమ్ముడు నన్ను ఆటోలో వేసుకొని దగ్గర్లోని ల్యాబ్‌కు పరుగెత్తాడు. కార్డు మీద గీతలు రావడానికి 15, 20 నిమిషాలు చాలు. మలేరియాలో ప్రాణాల మీదికి తెచ్చే రకం, ఫాల్సిపారం గీత ముదురుగా వచ్చింది. అక్కడి పెద్దాయన స్లైడు కూడా చూసి, నూటికి ఆరు ఎర్ర కణాల్లో పరాన్నజీవి ఉందని, క్షణం ఆలస్యం చేయకుండా హైదరాబాద్ తీసుకుపొమ్మని చెప్పాడట. నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ మీదుగా అంబులెన్స్. దారంతా తమ్ముడు నా చెయ్యి వదల్లేదు.

దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ కనిపెట్టింది 1897 ఆగస్టు 20న, సికింద్రాబాద్‌లోనే. స్కూల్లో చదువుకున్న ఆ సంగతి అంబులెన్సు దిగిన రెండు రోజుల తర్వాత గుర్తొచ్చింది, అదే ఊళ్లో మంచం మీద పడుకొని.

నాకిచ్చిన మందు ఆర్టిసునేట్. నా బరువు 50 కిలోలు, కాబట్టి ఒక్కో మోతాదు 120 మిల్లీగ్రాములు. నరంలోకి మొదటిది ఆసుపత్రి చేరిన వెంటనే, 12 గంటలకు, 24 గంటలకు, ఆ తర్వాత రోజుకొకటి. అది ఆర్టిమీసియా అనే మొక్క నుంచి వచ్చే మందు. మన దవనం, మాచిపత్రి కూడా ఆ జాతివే. ఆ మొక్క నుంచి దాని మూల మందును వెలికితీసిన చైనా శాస్త్రవేత్త తూ యూయూకు 2015లో నోబెల్ వచ్చింది. మూడో ఇంజెక్షన్ తర్వాత కళ్లు తెరిస్తే అమ్మ కనిపించింది. "అమ్మా, ఆకలి" అన్నానట, తెలుగులో.

ప్రార్థన గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా సంఘంలో నాకోసం మూడు రోజులు ఉపవాసమున్నారు. మ్వాంజా దగ్గరి మా పల్లెలో ఆడవాళ్లు రాత్రంతా మేల్కొని పాడారు. ఫోన్లో "పోలే సానా, మామా" అని ఏడ్చారు. పోలే సానా అంటే నీ కష్టం మాకూ కష్టమే అని చెప్పడం. ఒకరిద్దరు మాత్రం మందులు ఆపితేనే విశ్వాసమన్నారు. నేను ఆపలేదు. అక్కడ మా సంఘంలో ఎవరి పిల్లలకు జ్వరమొచ్చినా ప్రార్థన చేసిన చేత్తోనే డిస్పెన్సరీకి ఎత్తుకుపోతాం. నేను నేర్చుకున్న విశ్వాసం అదే. 1890 ప్రాంతంలో నల్లగొండకు రష్యా నుంచి వచ్చిన, మెనొనైట్ అనే క్రైస్తవ శాఖ మిషనరీ అబ్రహాం ఫ్రీజెన్ దంపతుల గురించి తాతయ్య చెప్పేవాడు. వాళ్లకు ఈ ఊరి జ్వరాలు ఎలా తగిలాయో, పక్కన ఎవరు కూర్చున్నారో అని ఆ మంచం మీద చాలా ఆలోచించాను.

ఇంటికొచ్చాక అంతా అయిపోయిందనుకున్నాను. కాలేదు. ఈ ఇంజెక్షన్ తర్వాత కొందరికి రెండు మూడు వారాలకు ఎర్ర రక్తకణాలు పగిలి రక్తం తగ్గిపోతుందని, నాలుగు వారాలు వారానికోసారి పరీక్ష చేయించుకోవాలని డిశ్చార్జి చీటీలో రాశారు. రెండో వారం మెట్లు ఎక్కితే గుండె దడ. హిమోగ్లోబిన్ 10.8 నుంచి 7.1కి పడింది. ఒక యూనిట్ రక్తం ఎక్కించారు. ఇచ్చింది మా సంఘంలో డోలక్ వాయించే పిల్లాడు. ఆ వారాలే నాకు జ్వరం కన్నా కష్టంగా గడిచాయి. పాపకు జడ వేయడానికి చేతులు లేచేవి కావు. వంగిన మోకాళ్లతో అమ్మే నాకు బువ్వ కలిపి పెట్టేది, బొక్కల చారు తాగించేది. నాలుగో వారానికి 10.2. అప్పటికి మా ఆయన వచ్చారు. తిరుగు టికెట్లు వెనక్కి జరిపాం.

వెళ్లేముందు ఆదివారం పాస్టరయ్య స్వస్థత సాక్ష్యం చెప్పమన్నారు. పానగల్ రోడ్డు అని చెప్పిన మాటతో మొదలుపెట్టాను. బాబు ముందు వరుసలో తల దించుకొని కూర్చున్నాడు. ఎందుకు దాచానో చెప్పినప్పుడు తలెత్తి చూశాడు.

కూడిక అయ్యాక ఒక పెద్దామె నా కొంగు పట్టుకొని పక్కకు తీసుకెళ్లింది. ఆమె కొడుకు బోరు బండి మీద పనికి ఆఫ్రికా పోయాడు, సంక్రాంతికి ఇంటికొస్తాడు.

"పాస్టరమ్మా, వానికి జరమొస్తే నాకు చెప్ప చేతగాదు. గా పరీక్ష పేరు చీటీ మీద రాసియ్యి."

కాగితం లేక కానుక కవరు వెనక రాశాను. ఆఫ్రికా నుంచి వచ్చాడు, ముందు మలేరియా పరీక్ష చేయండి. ఆమె దాన్ని రెండుసార్లు మడిచి రవికెలో పెట్టుకుంది.