ఇలాంటి పిల్లలు అంతేనన్నారు

మా చిన్నోడికి ఆటిజం అని తేలినప్పటి నుంచి ఒక మాట తెగ వినేవాళ్లం. "ఇలాంటి పిల్లలు అంతేనమ్మా, రాత్రిళ్లు నిద్రపోరు." థెరపీ సెంటర్లో బయట కూర్చునే తల్లులు అదే అనేవారు, చుట్టాలు అదే అనేవారు, ఒక డాక్టరు గారైతే ఫైల్లోంచి తలెత్తకుండానే అనేశారు. మాట అబద్ధమేం కాదు. ఆటిజం ఉన్న పిల్లల్లో సగం మందికి పైగా నిద్ర ఇబ్బందులుంటాయని, కొన్ని లెక్కల్లో అది 80 శాతం దాకా పోతుందని తర్వాత తెలిసింది. అయితే చాలామందికి ఉన్నంత మాత్రాన అది నయం కానిదైపోదు కదా. మాకు ఆ సంగతి చెప్పేవాళ్లు దొరకడానికి చాలా కాలం పట్టింది. ఈలోగా మంచాన పడింది వాడు కాదు, నేను.

వాడికప్పుడు ఆరేళ్లు. మాటలు తక్కువ. పదింటికి లైట్లు తీసేస్తే పన్నెండు దాటాక గానీ కన్ను మూసేవాడు కాదు. అంతసేపూ మంచం మీద ఎగరడం, గోడకి పాదాలు రుద్దడం, నా చెయ్యి లాక్కెళ్లి తన పిక్కల మీద పెట్టి నొక్కించుకోవడం. నొక్కుతున్నంతసేపు ఊరుకునేవాడు, ఆపితే మళ్లీ మొదలు. రెండింటికో మూడింటికో లేచి కూర్చునేవాడు. ఏడుపేం ఉండదు, హాయిగా నవ్వుకుంటూ ఇల్లంతా తిరిగేవాడు. ఓ రాత్రి వీధి తలుపు గడియ తీస్తూ కనబడ్డాడు. ఆ మర్నాడే తలుపు కదిలితే మోగే అలారం పెట్టించాం. రాత్రిళ్లు లేచి తిరిగే పిల్లలున్న ఇంట్లో మిగతావన్నీ దాని తర్వాతే.

అప్పటికి మా ఆయనా నేనూ ఇద్దరం మేలుకునేవాళ్లం. ఒకరు పడుకుని ఇంకొకరు అవస్థ పడడం న్యాయం కాదనిపించేది. నాకు మొదట తలనొప్పి పట్టుకుంది. తర్వాత మాటల మధ్యలో మామూలు పదాలు మర్చిపోవడం, పొయ్యి ఆపానో లేదో గుర్తు లేకపోవడం, ఎవరైనా "ఎలా ఉన్నావు" అని అడిగితే చాలు కళ్లలో నీళ్లు. ఒకరోజు కళ్లు తిరిగి కూలబడ్డాను. బీపీ చూస్తే 150 మీద 100. డాక్టరు గారు మాత్రలు రాస్తూ, వరసగా ఎన్ని గంటలు పడుకుంటున్నానని అడిగారు. మొత్తం ఎన్ని గంటలని నన్ను చాలామంది అడిగారు గానీ "వరసగా" అని అడిగింది ఆయనొక్కరే. రెండు గంటలు దాటడం లేదని చెప్పాను. "ఇద్దరూ కలిసి మేలుకుంటే పిల్లాడికి ఒరిగేదేమీ లేదమ్మా. వంతులేసుకోండి" అన్నారు.

ఆ రాత్రి నుంచే రెండు షిఫ్టులు. రాత్రి ఒంటిగంట దాకా ఆయన, ఆ తర్వాత నేను. వంతు కాని వాళ్లు వేరే గదిలో తలుపేసుకుని పడుకోవాలి. పిల్లాడి కేక వినబడితే లేచి వెళ్లకుండా ఉండడం మొదట్లో చాలా కష్టమైంది. కానీ నాలుగు గంటల కుదురైన నిద్ర పడేసరికి బుర్ర మళ్లీ పనిచేయడం మొదలెట్టింది. నా మందులో సగం అదేనంటాను. మిగతా సగం పిల్లాడి వైద్యంతో పాటే వచ్చింది.

నా బీపీ చూసిన డాక్టరు గారే మమ్మల్ని పిల్లల నరాల డాక్టరు దగ్గరికి పంపారు. ఆవిడ మందు ఊసెత్తకుండా రెండు వారాల నిద్ర డైరీ రాసుకు రమ్మన్నారు. ఎన్నింటికి పడుకోబెట్టాం, నిజంగా ఎన్నింటికి నిద్రపోయాడు, ఎప్పుడు లేచాడు, లేచి ఏం చేశాడు, పగలు ఎక్కడైనా కునుకు తీశాడా. లేచినప్పుడు ఫోన్లో వీడియో తీయమన్నారు కూడా. పిల్లాడు చెప్పలేనిదాన్ని వీడియో చెబుతుందట. డైరీ తీసుకెళ్లాక ఆవిడ అడిగిన ప్రశ్నలు ఇప్పటికీ గుర్తున్నాయి. గురక ఉందా? నోటితో ఊపిరి తీస్తాడా? మలబద్ధకం ఉందా? పడుకోగానే దగ్గు, పులితేన్పులు వస్తాయా? పంటి నొప్పి ఉందా? రోజూ ఒకే వేళకి, ఒకే తీరులో బిగుసుకుపోతూ లేస్తాడా? ఈ చివరిది మూర్ఛ కోసం. రాత్రి నిద్రలో మాత్రమే వచ్చే మూర్ఛలు కూడా ఉంటాయట.

అన్నిటికీ లేదనే చెప్పాను. వీడియోలో వాడు పాదాలు గోడకి రుద్దడం చూసి ఆవిడ ఆగారు. కాళ్లు నొక్కించుకుంటాడా అని అడిగారు. రక్తపరీక్షలో ఫెర్రిటిన్ అని విడిగా రాశారు. ఒంట్లో దాచిపెట్టిన ఇనుము ఎంతుందో చెప్పే పరీక్ష అది. హిమోగ్లోబిన్ బాగానే వచ్చింది. ఫెర్రిటిన్ 16. రిపోర్టులో దాని పక్కన నార్మల్ అనే ఉంది. మామూలు పరీక్షకి అది నార్మలేనని, రాత్రిళ్లు కాళ్లు ఊరికే ఉండనివ్వని ఈ జబ్బులో మాత్రం 50 లోపుంటే ఇనుము ఇచ్చి చూస్తామని ఆవిడ వివరించారు. మెదడులో డోపమిన్ అనే రసాయనం తయారు కావడానికి ఇనుము కావాలి. అది తగ్గితే పడుకున్న వేళ కాళ్లలో ఏదో పాకుతున్నట్టు, లాగుతున్నట్టు ఉంటుంది, కదిలిస్తేనే తగ్గుతుంది. పెద్దవాళ్లయితే చెప్పుకుంటారు. మాటలు రాని పిల్లాడు మంచం మీద ఎగురుతాడు. దాన్ని అందరం ఆటిజం అల్లరి ఖాతాలో రాసేశాం.

ఇనుము ఎందుకు తగ్గిందో మాకు ఆలోచించనక్కర్లేకపోయింది. వాడు తినేవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, రంగు మారినా ముట్టుకోడు. ఇలా ఎంచుకుని తినడం ఈ పిల్లల్లో బాగా ఎక్కువ. సిరప్ ఇచ్చారు. పాలతో కలిపి ఇవ్వొద్దన్నారు, ఇనుము ఒంటబట్టదని. మలం నల్లగా వస్తుంది, కంగారు పడకండన్నారు. మలబద్ధకం మాత్రం వచ్చింది, దానికి ఇంకో మందు. సొంతంగా కొని వేయొద్దని గట్టిగా చెప్పారు, ఇనుము మోతాదు మించితే పిల్లలకి ప్రాణం మీదికి వస్తుంది. సీసా అందకుండా తాళం వేసిన చోట పెట్టాం. మూడు నెలలకి మళ్లీ పరీక్ష.

ఆ పరీక్ష నాటికే గోడకి పాదాలు రుద్దడం దాదాపు పోయింది. అర్ధరాత్రి లేవడం కూడా తగ్గింది. కానీ పన్నెండుకి పడుకునే అలవాటు అలాగే ఉండిపోయింది. దానికి ఆవిడ చెప్పిన ఉపాయం వింటే మొదట విడ్డూరంగా అనిపించింది. పదింటికి కాదు, వాడికి నిజంగా నిద్ర వచ్చే పన్నెండింటికే మంచం ఎక్కించమన్నారు! రెండు గంటలు మెలకువగా దొర్లితే మంచమంటే ఆడుకునే చోటు అని మెదడు నేర్చుకుంటుందట. ఎక్కగానే నిద్రపోవడం అలవాటయ్యాక, ఆ వేళని పదిహేను నిమిషాల చొప్పున పెందలాడే వేళ వైపు జరపాలి. పొద్దున్న లేపే వేళ మాత్రం మారకూడదు, సెలవు రోజైనా సరే. ఎంత ఆలస్యంగా పడుకున్నా ఆరున్నరకి లేపాలంటే నాకు ప్రాణం ఒప్పేది కాదు. అదే కీలకమైన మెట్టని తర్వాత అర్థమైంది.

మంచం ఎక్కే ముందు గంట టీవీ, ఫోన్ బంద్. ఆ వెలుతురు మెలటోనిన్ ఊరడాన్ని వెనక్కి నెడుతుంది, చీకటి పడుతోందని ఒంటికి చెప్పే హార్మోనే అది. స్నానం, దుస్తులు, పళ్లు, పుస్తకం, లైటు అని వరసగా ఐదు బొమ్మలు గోడకి అంటించాం. ఒక్కోటీ అయ్యాక వాడే బొమ్మ పీకి డబ్బాలో వేస్తాడు. మాటలతో చెప్పినప్పుడు వచ్చే పేచీ బొమ్మలతో రాలేదు. నా చెయ్యి లేకుండా నిద్రపోవడానికి మాత్రం యుద్ధమే జరిగింది. మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవడం, కొన్నాళ్లకోసారి కుర్చీ తలుపు వైపు జరపడం. మొదటి వారం ముందుకంటే ఘోరంగా ఏడ్చాడు. అలా అవుతుందని ఆవిడ ముందే చెప్పకపోతే రెండో రోజే వదిలేసేదాన్ని.

ఇవన్నీ నడుస్తుండగా కొన్ని నెలలు మెలటోనిన్ కూడా వాడాం, చిన్న మోతాదులో, పడుకునే వేళకి ముప్పావుగంట ముందు. త్వరగా నిద్ర పట్టడానికి పనికొచ్చింది. తర్వాత ఆవిడే మెల్లగా తగ్గించి ఆపించారు. ఒంటిని నొక్కినట్టుండి నిద్ర పట్టిస్తుందనే బరువు దుప్పటి కూడా చాలా డబ్బు పోసి కొన్నాం. వాడికి దానంటే మహా ఇష్టం, కానీ నిద్ర ఒక్క నిమిషం పెరగలేదు. ఆటిజం పిల్లల మీద చేసి 2014లో ప్రచురించిన ఒక పరిశోధనలోనూ ఇదే తేలిందట: పిల్లలకీ తల్లిదండ్రులకీ దుప్పటి నచ్చింది, నిద్ర మాత్రం మారలేదు.

మా దారి అందరికీ సరిపోదని థెరపీ సెంటర్లోనే చూశాను. డౌన్ సిండ్రోమ్ ఉన్న ఒక పాప కూర్చుని ముందుకి వంగి నిద్రపోయేది. గమ్మత్తుగా పడుకుంటుందని నవ్వుకునేవాళ్లు. రాత్రి నిద్రలో ఊపిరిని గమనించే స్లీప్ స్టడీ చేస్తే నిద్రలో ఊపిరి ఆగిపోతోందని తేలింది. డౌన్ సిండ్రోమ్ పిల్లలందరికీ, గురక లేకపోయినా, నాలుగేళ్లు నిండేలోగా ఆ పరీక్ష చేయించాలని అమెరికా పిల్లల వైద్యుల సంఘం చెబుతుంది. ఆ పాపకి టాన్సిల్స్ తీసేశాక పగలు చిరాకు కూడా తగ్గింది. మెదడు దెబ్బతిని కండరాలు అదుపులో ఉండని సెరెబ్రల్ పాల్సీ ఉన్న ఇంకో బాబు రాత్రంతా ఏడ్చేది తుంటి నొప్పికి, తనంతట తాను పక్కకి తిరగలేక. ఈ ఇద్దరికీ మా ఇనుము సిరప్ ఏం చేస్తుంది? అందుకే ఎవరైనా "మీవాడికి ఏ మందు వాడారు" అని అడిగితే, నేను పేరు చెప్పకుండా ముందు డైరీ, వీడియో సంగతి చెబుతాను. వాళ్లకది నచ్చదు. నేనైనా అప్పట్లో మందు పేరే అడిగి ఉండేదాన్ని.

ఇప్పుడు వాడు తొమ్మిదింటికి పడుకుంటే పావుగంటలో నిద్రపోతాడు. ఆ వయసుకి తొమ్మిది గంటలైనా నిద్ర కావాలంటారు, చాలా రాత్రులు అంత పడుకుంటున్నాడు. జ్వరమొస్తే, ఊరెళితే లెక్క తప్పుతుంది, మళ్లీ కుర్చీ వేయాల్సి వస్తుంది. నా బీపీ మాత్ర సగానికి తగ్గింది. తలనొప్పి లేదు. షిఫ్టులు మాత్రం వారాంతాల్లో ఇంకా ఉంచుకున్నాం, ఆయనకి అర్ధరాత్రి క్రికెట్ చూసుకోవడానికి వీలుగా.

మిగిలిన తగువల్లా కొన్ని రోజులు తెల్లారుజామున నాలుగున్నరకే లేవడంతోనే. దానికి ఎరుపు, పచ్చ రంగులు మారే చిన్న దీపం తెచ్చాం, ఎర్రగా ఉన్నంతసేపు మంచం దిగకూడదు, పచ్చబడితే దిగొచ్చు. రూలు వాడికి చక్కగా అర్థమైంది. ఎంత చక్కగానంటే, వెనకనున్న మీట నొక్కి దీపాన్ని తనే పచ్చగా మార్చేసి మరీ దిగి వస్తున్నాడు. దీపాన్ని అల్మరా పైకెక్కించాం.