ఐస్ పెట్టెలో బేరింగులు

భీమిలి రోడ్డు మీద ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు గానీ, ఒళ్లో థర్మోకోల్ పెట్టె పెట్టుకుని వెళ్లడం ఇదే మొదటిసారి. అందులో ఐసు, ఐసు మధ్యన ప్లాస్టిక్ కవర్లో గట్టిగా చుట్టిన రెండు బేరింగులు.

మా పెదనాన్నగారి అబ్బాయికి గోస్తని ఒడ్డున జీడిమామిడి తోట ఉంది. ఎరువు బస్తాలు మోయడానికి సెకండ్ హ్యాండ్‌లో ఒక క్వాడ్ బైక్, అదే నాలుగు లావుపాటి చక్రాల బండి, కొన్నాడు. ఏడాదిలో మూడుసార్లు దాని వెనక యాక్సిల్ (ఇరుసు) బేరింగులు పోయాయి. "అమ్మేస్తాన్రా తమ్ముడూ, ఇంక నావల్ల కాదు" అని ఫోన్ చేశాడు. మంచి బండి, ఇంజన్ ఇంకా బంగారంలా ఉంది. రెండు బేరింగుల కోసం దాన్ని వదిలేసుకుంటాడంటే నాకు మనసొప్పలేదు.

పాత బేరింగు మీది నంబరు అడిగితే 6006 2ఆర్ఎస్ అన్నాడు. చివరి రెండంకెలను ఐదుతో గుణిస్తే లోపలి రంధ్రం సైజు వస్తుంది, అంటే 30 మిల్లీమీటర్లు. 2ఆర్ఎస్ అంటే రెండు పక్కలా రబ్బరు సీలు ఉందని. ముందురోజు గాజువాక ఆటోనగర్‌లో అవి కొన్నాను. అక్కణ్ణుంచి ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి, బోట్లు బాగుచేసే ఒక పెద్దాయన్ని గ్రీజు గురించి అడిగాను. "ఉప్పునీట్లో ఉండే షాఫ్టుకి మామూలు గ్రీజు నిలవదు బాబూ, మెరైన్ గ్రీజే ఎయ్యాల" అని ఒక డబ్బా చూపించాడు. రాత్రి ఇంట్లో సన్నటి బ్లేడుతో బేరింగుల రబ్బరు మూతలు లేపాను. కొత్త బేరింగులో గ్రీజు ఖాళీలో మూడోవంతుకి అటూ ఇటూగానే ఉంటుంది. వేగంగా తిరిగే మోటారుకి అది చాలు. బురదలో నెమ్మదిగా తిరిగే చక్రానికి ఎంత నిండుగా ఉంటే నీటికి అంత చోటు తగ్గుతుంది. రెండు రకాల గ్రీజులు కలిస్తే పల్చబడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి, ఉన్నదంతా కిరోసిన్‌తో కడిగి, బాగా ఆరనిచ్చి, మెరైన్ గ్రీజు దట్టించి మూతలు నొక్కాను. తర్వాత డీప్ ఫ్రీజర్లో పెట్టాను.

తెల్లవారుజామున మద్దిలపాలెంలో బయలుదేరాం. రుషికొండ దాటేసరికి తెల్లారింది. మంగమారిపేట దగ్గర వలలు లాగుతున్నారు. ఎర్రమట్టి దిబ్బలు పొద్దుటి ఎండకి ఇంకా ఎర్రగా కనిపించాయి. ఇసుకలో బండి నడపాలని మా అన్నయ్య కొడుక్కి మహా సరదా. కానీ ఈ తీరంలో జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి, బీచ్‌కి తీసుకెళ్లొద్దని వాడికి గట్టిగా చెప్పాను.

తోటలో దిగగానే "ఏట్రా, చేపలు తెచ్చావా?" అంది వదిన. పెట్టె నీడలో పెట్టి, బండిని జాకీ మీద లేపి, వెనక టైరుని పైనా కిందా పట్టుకుని ఊపాను. టక్ టక్‌మంది. యాక్సిల్ లాగి, బేరింగులు కూర్చునే గూడు లాంటి హౌసింగ్ ఊడదీస్తే లోపల గ్రీజు అనేదే లేదు, చింతపండు గుజ్జులాంటి ఎర్రటి ముద్ద ఉంది. లోపలి రింగు మీద సుత్తి దెబ్బల మచ్చలు కూడా కనిపించాయి. అది చూస్తే నిజంగా కోపం వచ్చింది. హౌసింగ్‌లో బిగించేటప్పుడు దెబ్బ పడాల్సింది బయటి రింగు మీద. లోపలి రింగుని కొడితే ఆ దెబ్బంతా గోళీల మీదుగా పోయి, అవి దొర్లే దారిలో గుంటలు పడతాయి. కొత్త బేరింగు బండెక్కకముందే పాడైపోయినట్టు.

సుత్తితో పని పడకూడదనే ఆ ఐసు పెట్టె. వదిన పాత దోసెల పెనం ఇచ్చింది. శుభ్రంగా తుడిచిన అల్యూమినియం హౌసింగ్‌ని దానిమీద పెట్టి, నీటిచుక్క వేస్తే చుయ్‌మనేదాకా వేడి చేశాం. వేడికి అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు సాగుతుంది, చలికి బేరింగు వెంట్రుకవాసి ముడుచుకుంటుంది. కవరు విప్పి, చెమ్మ పట్టకముందే తుడిచి లోపల పెట్టాను. ఠక్కున అడుగుదాకా జారి కూర్చుంది. అన్నయ్య నోరు తెరిచి చూస్తూ ఉండిపోయాడు. రెండో బేరింగుకి ముందు మధ్యలో స్పేసర్ గొట్టం మర్చిపోకుండా పెట్టాం. అది లేకుండా యాక్సిల్ నట్టు బిగిస్తే లోపలి రింగులు ఒకదానివైపు ఒకటి నొక్కుకుపోతాయి. కొత్త ఆయిల్ సీళ్ల పెదవులకి గ్రీజు రాసి మూసేశాం. గొలుసు మరీ బిగుతుగా ఉంటే దాన్ని కూడా వదులు చేశాం, ఆ లాగుడంతా పడేది బేరింగు మీదే.

నీళ్లు లోపలికి ఎలా పోయాయో మధ్యాహ్నం భోజనాల దగ్గర తేలింది. పని అవగానే బండిని నేరుగా గోస్తనిలోకి దింపుతాడట. వేడెక్కిన హబ్, అంటే బేరింగులుండే ఆ మధ్యభాగం, చన్నీళ్లలో మునిగితే లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుపోయి, సీలు సందులోంచి నీటిని లోపలికి పీల్చుకుంటుంది. పది నిమిషాలు ఆగి దింపితే ఆ బాధ ఉండదు. ఆ తర్వాత సాయంత్రం బోరు మోటారు పైపు పెట్టి, సరిగ్గా హబ్ మీదకే గురిచూసి కడుగుతాడట. "మట్టి ఉండిపోతే బేరింగు పోతుందని కదరా!" అన్నాడు. అంత ప్రేమగా చూసుకునే మనిషికి చెప్పేవాళ్లే లేకపోయారు.

సాయంత్రం తోటంతా రెండు చుట్లు తిరిగొచ్చాక హబ్ మీద చెయ్యి పెట్టి చూశాం. గోరువెచ్చగా ఉందంతే. టైరు ఊపితే చప్పుడు లేదు. అన్నయ్య అలవాటుగా మోటారు షెడ్డు వైపు నాలుగడుగులు వేసి, ఆగి, వదినని ఒక బకెట్టు, పాత గుడ్డ అడిగాడు.